చుక్కలు రాని ఫోటో చూడ్డానికి బొబ్బిలి

ఎందుకు బయల్దేరానో ముందు చెప్పాలి. నేను నరసన్నపేటలో సైన్సు మేష్టర్ని. విజయనగరం నుంచి వచ్చే ఒక వారపత్రికలో మూడేళ్ళుగా పాఠకుల సందేహాలకి జవాబులు రాస్తున్నాను. ఈ ఏడాది మనుషులు చంద్రుడి మీద దిగి, ఆ ఫోటోలు పేపర్లో పడ్డప్పటి నుంచి నాకు నిద్రాహారాలు లేవు. అంతకుముందు వారానికి నాలుగు కార్డులు వస్తే గొప్ప. ఇప్పుడు పోస్టుమాను నన్ను చూసి తిట్టుకుంటున్నాడు.

ఆ ప్రశ్నలు కూడా చిత్రమైనవే. జలుమూరు నుంచి ఒకాయన పేపరు ముక్క కత్తిరించి పంపాడు. భూతద్దం పెట్టి చూస్తే చంద్రుడి నిండా వరసలు వరసలుగా చుక్కలు కనిపించాయట. అవి వీధిదీపాలా, అయితే అక్కడ మునిసిపాలిటీ ఎవరిది అని అడిగాడు. అయ్యా, పేపర్లో ఏ ఫోటో అయినా చుక్కలు చుక్కలుగానే అచ్చు వేస్తారు, మంత్రిగారి బట్టతల మీదా అవే దీపాలుంటాయి చూసుకోండి అని రాశాను. ఇంకొకావిడ, వాళ్ళు వెళ్ళేసరికి అమావాస్య వచ్చి ఉంటే ఎక్కడ దిగేవారని అడిగింది. ఆ కార్డుని మా స్టాఫ్ రూములో గోడకి అంటించుకున్నాం.

వీటి మధ్య ఒక ప్రశ్న వచ్చింది. చంద్రుడి మీద తీసిన ఫోటోల్లో ఆకాశం నల్లగా ఉంది కదా, ఒక్క నక్షత్రమైనా లేదేం? ఇదెంత పని అనుకున్నాను. "అక్కడ అప్పుడు పగలు. మనకి పగలు నక్షత్రాలు కనిపిస్తాయా? అక్కడా అంతే" అని రెండు వాక్యాల్లో తేల్చేశాను. వారం తిరక్కుండా బొబ్బిలి నుంచి కార్డు వచ్చింది. రాసినవాడు గౌరునాయుడు, ఫోటో స్టూడియో యజమాని. నా జవాబు తప్పట. నక్షత్రాలు ఉండే ఉంటాయట, కెమెరాకి అందలేదంతేనట. ఫోటోలు తీసేవారు ఫోటోలు తీసుకుంటే చాలని అచ్చులోనే జవాబిచ్చాను.

అతను ఊరుకోలేదు. రెండు ఫోటోలు పంపాడు. రెండిట్లోనూ డాబా మీద పెట్రోమాక్స్ దీపం పక్కన అతని భార్య కూర్చుని ఉంది. మొదటిది మామూలుగా తీశాడట, అందులో మనిషి వస్తుంది, నక్షత్రాలు రావు. రెండోది కెమెరాని అర నిమిషం తెరిచి ఉంచి తీశాడట, అందులో నక్షత్రాలు వస్తాయి, మనిషి వెలుగెక్కువై మాడిపోతుంది. నేను తిప్పి తిప్పి చూశాను. రెండోదాన్లో ఆకాశం తారు పూసినట్టు నున్నగా ఉంది. అప్పుడు నేను పత్రికలో రాసింది ఉన్నదున్నట్టు ఇక్కడ ఇస్తున్నాను: "మొదటి ఫోటోలో నక్షత్రాలు లేవు. రెండోదాన్లో నక్షత్రాలూ లేవు, వారి భార్యగారికి ముఖమూ లేదు. బొబ్బిలి వాళ్ళు పెళ్ళి ఫోటోలకి ఈ స్టూడియోకి వెళ్ళేముందు ఆలోచించుకోవాలి." ఇది రాసి, నన్ను నేనే మెచ్చుకుని, ఆ పూట రెండో గ్లాసు కాఫీ తాగాను.

నెల తర్వాత అతని నుంచి ఉత్తరం వచ్చింది. మాఘమాసం పెళ్ళిళ్ళకి ఒక్కరూ బయానా ఇవ్వలేదట. భార్య మొహాన్నే మాడ్చినవాడు మా పెళ్ళికూతుర్ని ఏం చేస్తాడో అంటున్నారట. "ఒక్కసారి వచ్చి కళ్ళతో చూడండి. చూశాక కూడా లేవంటే స్టూడియో మూసేసి రాయగడ వెళ్ళిపోతాను. ఉన్నాయంటే ఆ మాట మీ పేపర్లో రాయండి" అన్నాడు. మా సంపాదకుడు వెళ్ళి రమ్మన్నాడు. నేను జాలిపడి వెళ్ళానని ఎవరూ అనుకోవద్దు. ఇంకో వ్యాసానికి సరుకు దొరుకుతుందని వెళ్ళాను.

డిసెంబరులో ఒక శనివారం బడికి సెలవు వచ్చింది. పొద్దున్న ఆరూ పదికి నరసన్నపేటలో బస్సెక్కాను. శ్రీకాకుళంలో మారి, ఎనిమిదింటికి ఆమదాలవలస స్టేషన్లో దిగాను. స్టేషను బయట హోటల్లో ఇడ్లీ బాగుంటుంది, చట్నీ మాత్రం అడిగి రెండోసారి వేయించుకోవాలి. పాసింజరు ముప్పావు గంట ఆలస్యంగా వచ్చింది. కూర్చోవడానికి చోటు దొరికింది. అది దొరకడమే తప్పయింది.

ఎదురుగా ఒక బెల్లం వ్యాపారి, ఆయన పక్కన మిషనాసుపత్రిలో పనిచేసే నర్సమ్మ ఉన్నారు. నేను సైన్సు మేష్టర్నని ఎందుకు చెప్పుకున్నానో నాకే తెలియదు. బెల్లం వ్యాపారి అందుకున్నాడు.

"అయితే ఒక సంగతి సెప్పండి బాబూ. ఆళ్ళిద్దరే దిగినారంట గదా. దిగినోడు మెట్లు దిగుతుంటే కింద నించి ఫోటో తీసినోడెవుడు?"

కెమెరాని ముందే ఓడకి బిగిస్తారని చెప్పాను. ఆయన నర్సమ్మ వైపు తిరిగి, "సూసినారా, ఏదడిగినా ఒకటి సెప్తారు" అన్నాడు.

నర్సమ్మ మెల్లిగా, "నాకైతే అనుమానం లేదండి. కానీ అంత దూరం నించి మన భూమిని ఫోటో తీసినారు గదా, అందులో మన సముద్రం ఒడ్డు కనిపించాలి గదా, ఎతికినాను, మబ్బులే ఉన్నాయి" అంది.

"మీ ఇల్లు కూడా వెతికారా?" అన్నాను.

ఆవిడ చిన్నబుచ్చుకుని కిటికీ వైపు తిరిగింది. చీపురుపల్లిలో మాంగనీసు రాయి నింపుకున్న వ్యాగన్ల పక్కన బండి పావుగంట ఆగింది. ఆ పావుగంటలో బెల్లం వ్యాపారి చంద్రుడి మట్టిలో చెరకు పండుతుందా అని కూడా అడిగేశాడు. నేను నిద్ర నటించాను.

విజయనగరంలో దిగేసరికి పదకొండున్నర. స్టేషన్ దగ్గర మాంసం వడ్డించే మిలిటరీ హోటలూ ఉంది, బ్రాహ్మణ హోటలూ ఉంది. రెండోదాన్లో పప్పు, వంకాయ కూర, పల్చటి మజ్జిగతో భోజనం చేశాను. పన్నెండున్నరకి రాయపూర్ వైపు వెళ్ళే పాసింజరెక్కితే మూడు కావస్తుండగా బొబ్బిలి చేరాను. సత్రంలో గది దొరికింది. మంచం ఉంది, నల్లులూ ఉన్నాయి. వెళ్ళేవాళ్ళు దుప్పటి తీసుకెళ్ళడం మంచిది.

స్టూడియో బజారు వీధిలో ఉంది. గుడ్డ మీద గీసిన మేడమెట్లు, హంస, దాని ముందు ఒక కుర్చీ. దుమ్ము తుడిచిన కుర్చీ, కానీ ఎవరూ కూర్చోని కుర్చీ. గౌరునాయుడికి నలభై ఉండవచ్చు, సన్నటి మనిషి. నేను ఫలానా అనగానే చేతులు జోడించాడు. కోపం ఏమైనా చూపిస్తాడేమో, చూపిస్తే దులిపేద్దామని సిద్ధంగా ఉన్నాను. అతను చూపించలేదు. టీ తెచ్చిన భార్య చూపించింది.

"మీరేనా మేష్టారు? తాగండి. పంచదార ఏసినాను."

నేను గ్లాసు అందుకున్నాను. ఆవిడ కదల్లేదు. పేరు పైడమ్మ.

"మొన్న సంతలో ఒక ముసల్ది నా గెడ్డం పట్టుకుని ఇటూ అటూ తిప్పి సూసింది బాబూ. 'ముకం ఉన్నాదే పిల్లా, పేపర్లో లేదని ఏసినారే' అంది. అందరూ నవ్వినారు. నానూ నవ్వినాను, ఏటి సేస్తాను?"

గ్లాసు కింద పెట్టాను. వెటకారానికి జవాబుగా ఏడుపు వస్తుందనుకున్నాను గానీ ఇలా నిలబడి చెబుతారని అనుకోలేదు. "అది ఫోటో గురించి రాసిందమ్మా, మీ గురించి కాదు" అన్నాను. "ఫోటోలో ఉన్నది నానే గదా" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

లోపల కిటికీ దగ్గర చాప మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పైడమ్మ తండ్రి, అప్పలస్వామి. ముందు రోజుల్లో నాటకాలకి తెరలు రాసేవాడట, ఇప్పుడు అల్లుడి స్టూడియోలో ఫోటోలకి టచింగ్ చేస్తాడు. సన్నటి కుంచె నాలిక మీద తడి చేసుకుని, ఎవరిదో పాత ఫోటో మీద వంగి ఉన్నాడు. నాకు నమస్కారం పెట్టి మళ్ళీ పనిలో పడ్డాడు.

పొద్దు గుంకాక, ఆరున్నర దాటాక డాబా ఎక్కాం. చంద్రుడు లేడు. పెట్రోమాక్స్ వెలిగించి గౌరునాయుడు భార్యని పిలిచాడు. ఆవిడ రానంది. "అయితే నేను కూర్చుంటాను, నాకు ముఖం పోయినా నష్టం లేదు" అన్నాను. హాస్యానికన్నాను, ఎవరూ నవ్వలేదు. దీపం పక్కన కూర్చున్నాను. అతను మూడు కాళ్ళ మీద కెమెరా పెట్టి, నల్లగుడ్డలో తల దూర్చి, నా వెనక తూర్పు ఆకాశం వచ్చేట్టు సర్దాడు.

"మేష్టారూ, మీరు పేపర్లో పగలని రాసినారు గదా. మనకి పగలు ఆకాశం ఎందుకు నీలంగా ఉంటాది?"

"గాలి వల్ల. సూర్యకాంతి గాలిలో చెదిరి..." అంటూ పాఠం మొదలుపెట్టాను.

"అక్కడ గాలి ఉన్నాదా?"

అతను నల్లగుడ్డలోంచి తల బయటికి తీశాడు.

"గాలి లేదు కాబట్టే ఆకాశం నల్లగా ఉన్నాది. నల్లటి ఆకాశంలో సుక్కలు ఎక్కడికి పోతాయి బాబూ? ఉంటాయి. కింద నేల మీద ఎండ మండిపోతన్నాది. ఆ ఎండకి సరిపడా కెమెరాని సిటికెలో మూసీసినారు. సిటికెలో సుక్కల ఎలుతురు అందదు. పెళ్ళిపందిట్లో రోజూ సూస్తన్నాను గదా, దీపాల్లో పెళ్ళికూతురొస్తాది, పైన ఆకాశం రాదు."

ఇరవై రెండేళ్ళుగా ఆకాశం నీలంగా ఎందుకుంటుందో పిల్లలకి చెబుతున్నాను. తప్పు చెప్పినవాణ్ణి బెంచీ ఎక్కించాను. ఆ పాఠాన్ని ఒక్కసారి తీసుకెళ్ళి చంద్రుడి మీద పెట్టి చూడాలని నాకు తోచలేదు. అయినా ఒప్పుకుంటానా? "మాటలు బాగానే ఉన్నాయి నాయుడూ, ఫోటో చూపించు" అన్నాను.

ముప్పై అంకెలు లెక్కపెట్టి మూత పెట్టాడు. చీకటి గదిలో ఎర్ర దీపం కింద ప్లేటు, అంటే గాజు నెగటివు, కడిగి, తడి తడిగానే దీపానికి ఎత్తి చూపించాడు. ప్లేటులో తెలుపు నలుపుగా పడుతుంది కదా, నా ముఖం ఉండాల్సిన చోట నల్లటి ముద్ద ఉంది. చుట్టూ అక్కడక్కడ సన్నటి నల్ల మచ్చలు.

"దుమ్ము" అన్నాను.

అతను భూతద్దం చేతికిచ్చాడు. చూశాను. ఒకచోట ఆరేడు మచ్చలు గుంపుగా ఉన్నాయి, కృత్తికల్ని మనం పిల్లలకోడి అంటామే, ఆ గుంపు. అది కూడా దుమ్మే అందామనుకున్నాను. కానీ భూతద్దంలో ప్రతి మచ్చా వెంట్రుకవాసి సాగి ఉంది, అన్నీ ఒకే వైపుకి. దుమ్ము అలా సాగదు. అర నిమిషంలో భూమి తిరిగిన మేరకి నక్షత్రాలు సాగుతాయి. ఈ సంగతి గౌరునాయుడికి తెలియదు, నాకు తెలుసు. నా చదువే నా పీక పట్టుకుంది.

"మరి నాకు పంపినదాన్లో ఎందుకు లేవు?" అని అరిచినంత పని చేశాను.

"అదే నాకూ తెలీదు మేష్టారూ! మీరు రాసింది సదివి కూలబడిపోయినాను. ప్లేటు కడిగినప్పుడు సూసినాను, సుక్కలున్నాయి. ప్రింటు మళ్ళీ సూడకుండానే పోస్టు సేయించినాను. ఇంటికాడ ఇంకో ప్రింటు తీద్దామంటే ఆ ప్లేటు జారి పగిలిపోయినాది. పోస్టులో ఎండకి పోయినాయేమో అనుకున్నాను."

పోస్టులో నక్షత్రాలు ఎండిపోవడం! నవ్వుదామనుకున్నాను, రాలేదు. రేపు పొద్దున్న నా కళ్ళముందు ప్రింటు తియ్యమని చెప్పి సత్రానికి పోయాను.

ఆదివారం పొద్దున్న మొహం కడుక్కుంటూ పత్రికలో ఏం రాయాలో మనసులో కూర్చుకున్నాను. 'కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో' అని ఒకటి. 'బొబ్బిలి మిత్రుడి వాదనలో కొంత నిజం లేకపోలేదు' అని ఒకటి. ఎక్కడా 'నేను' రాకుండా, ఎక్కడా 'తప్పు' రాకుండా మూడు రకాలుగా తయారుచేశాను. మూడూ నాకు నచ్చాయి.

ఏడున్నరకి స్టూడియోలో ప్రింటు తీశాడు. నా ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, పైన నల్లటి ఆకాశంలో తెల్లగా పిల్లలకోడి, దాని చుట్టూ ఇంకో పదిహేను పైగా. ప్రింటుని ఆరబెట్టి, నన్ను పక్క హోటల్లో ఉప్మా తినమని తీసుకెళ్ళాడు. అరగంటలో తిరిగొచ్చాం.

ప్రింటు తీగ మీద లేదు. అప్పలస్వామి కిటికీ దగ్గర చాప మీద దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కుంచె నాలిక మీద తడి చేసుకున్నాడు, నల్లరంగు అద్దుకున్నాడు, ఆకాశం మీద ఒక్కసారి ఆనించాడు. ఒక నక్షత్రం పోయింది. అల్లుణ్ణి చూసి విసుక్కున్నాడు.

"ఏటల్లుడా, ప్లేటు తుడుసుకోకుండా ప్రింటు తీసీసినావు? అంతా దుమ్మే. మొన్న పేపరోళ్ళకి పంపినదానికీ ఇలాగే ఉన్నాది, ఒక పూటంతా పట్టినాది నాకు."

గౌరునాయుడు గుమ్మంలోనే ఆగిపోయాడు. నేనూ ఆగిపోయాను. ఏ స్టూడియోలో అయినా ప్రింటు మీద తెల్లమచ్చ ఉంటే అది దుమ్మే, దాన్ని మాపడమే టచింగ్. ఈయన కుంచె కిందనుంచి ఒక్క మచ్చ కూడా తప్పించుకుని ఏ పెళ్ళివారింటికీ వెళ్ళలేదట. పైడమ్మ లోపలి నుంచి వచ్చి, ముగ్గురి మొహాలూ చూసి, ఒళ్ళో ఫోటో చూసి, "అయ్యా, అవి సుక్కలు" అంది.

"ఏ సుక్కలు?"

"ఆకాశంలో సుక్కలు. పిల్లలకోడి."

ముసలాయన ఫోటోని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. పిల్లలకోడిలో రెండే మిగిలాయి. కుంచె కింద పెట్టాడు. "అయితే మొన్నటివీ నానే మాపీసినాను" అన్నాడు.

"పోనీలే మావా" అన్నాడు గౌరునాయుడు.

ఆ 'పోనీలే' అన్న మనిషికి మాఘంలో ఒక్క పెళ్ళి లేదు. నేనైతే అక్కడే రంకెలు వేసేవాణ్ణి.

పైడమ్మ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "మేష్టారూ, మా అయ్య పేరు ఏయకండి. పెద్దోడు, తట్టుకోలేడు." నేను తలూపాను. నాకు లోపల సంతోషం కలిగింది కూడా, నిజం చెప్పాలి. ఆవిడే అడిగింది కదా, ఇక ఎవరి పేరూ లేకుండా 'ప్రత్యేక పరిస్థితులు' అని రాసుకోవచ్చు.

కానీ ముసలాయనకి చెవులు బాగానే ఉన్నాయి.

"ఎందుకెయ్యకూడదే? ఏయండి బాబూ. అప్పలస్వామి అనేవోడు దుమ్మనుకుని మాపీసినాడని ఏయండి. మా అల్లుడి సేతిలో తప్పు లేదు, నా సేతిలో ఉన్నాది. ఎవుడి తప్పు ఆడి పేరు మీద ఉండాల."

ఎనిమిదో తరగతి దాటని మనిషి ఒక్క ఊపిరిలో ఆ మాట అనేశాడు. పొద్దున్న నేను మొహం కడుక్కుంటూ తయారుచేసిన మూడు వాక్యాలూ సిగ్గుతో చచ్చాయి. ముసలాయనది చేతి అలవాటు, మంచి పనివాడికి ఉండే అలవాటు. నాది అదీ కాదు. తెలిసిన సంగతి ఆలోచించకుండా రాశాను, తెలిసినవాడు చెబితే వెక్కిరించాను, ఆ వెక్కిరింతలోకి ఒక ఆడమనిషి ముఖాన్ని లాగాను. "రాస్తానండి, ముందు నాది రాస్తాను" అన్నాను.

పదకొండింటి బండికి గౌరునాయుడు స్టేషన్ దాకా వచ్చాడు. పైడమ్మ గుమ్మం దగ్గరే ఒక మాట అంది. "నాకు ముకం లేదని రాసినారు గదా మేష్టారూ. ఉన్నాదని రాయండి. అది సాలు."

విజయనగరంలో భోజనం సహించలేదు. మూడింటికి మెయిన్ లైను పాసింజరెక్కాను. చీపురుపల్లిలో మిల్లు గుమాస్తాలా ఉన్న ఒకాయన ఎక్కి, ఎదురుగా కూర్చుని మా వారపత్రిక తీశాడు. నెల దాటిన పాత సంచిక. కాసేపయ్యాక కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఈ మేష్టారు భలే రాస్తాడండి. నక్షత్రాలూ లేవు, ముఖమూ లేదంట! మా మేనకోడలి పెళ్ళికి ఆ బొబ్బిలాడికి బయానా ఇద్దామనుకున్నాం. ఇది సదివి మానీసినాం."

"ఆ రాసింది తప్పండి" అన్నాను. "ఆ ఫోటోలో నక్షత్రాలు వచ్చాయి. పొరపాటున మాపేశారు. నేను నిన్న నా కళ్ళతో చూశాను."

"మీకెవులు సెప్పినారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మేష్టర్ని నేనే."

ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. నలిగిన చొక్కా, నల్లులు కుట్టిన మెడ. పత్రిక మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ మేష్టారు ఎంత సదువుకున్నోడు బాబూ! తప్పు రాస్తాడా? మీరేటి సెప్పినా, ఇది అచ్చులో ఉన్నాది."

ఆమదాలవలస దాకా ఆయనతో వాదించాను. గాలి సంగతి చెప్పాను, అర నిమిషం సంగతి చెప్పాను, కుంచె సంగతి చెప్పాను. నా వాక్యాలే నా మొహాన కొట్టి నన్ను ఓడించాడు. మూర్ఖుడని అనుకోబోయాను గానీ, ఆయన్ని అలా తయారుచేసింది నేనే. మూడేళ్ళుగా అందర్నీ నోరు మూయించి, అచ్చులో ఉన్నదే నిజమని నమ్మించింది ఎవరు? దిగేటప్పుడు ఆయన జాలిగా, "ఆరోగ్యం సూసుకోండి" అన్నాడు.

నోటితో చెబితే నమ్మడు. అందుకని అచ్చు వేయిస్తున్నాను. నరసన్నపేట నుంచి పొద్దున్న ఆరూ పది బస్సెక్కితే మూడింటికి బొబ్బిలి చేరతారు. స్టూడియో బజారు వీధిలో ఉంది. గౌరునాయుడి ఫోటోలో నక్షత్రాలు వచ్చాయి. అప్పలస్వామి గారు దుమ్మనుకుని మాపారు, తన పేరు వేయమన్నారు, వేశాను. చంద్రుడి మీద పగలు కాబట్టి నక్షత్రాలు కనిపించవని రాసింది నేను, అది తప్పు. పైడమ్మ గారికి ముఖం ఉంది.